రంగం వెళ్ళినవాళ్ళు, వెళ్ళనివాళ్ళు

మా అమ్మమ్మ ఇంట్లో నడవా గోడకి ఆనించి ఒక టేకు పెట్టె ఉండేది. అందరూ దాన్ని రంగం పెట్టె అనేవాళ్ళు. చిన్నప్పుడు రంగం అంటే యుద్ధరంగమో, నాటకరంగమో అనుకునేదాన్ని. పెట్టెలో మాత్రం యుద్ధానికీ నాటకానికీ సంబంధించినవేమీ ఉండేవి కావు. పాత చీరలు, భూమి శిస్తు రసీదులు, గుడ్డలో మూటకట్టిన విత్తనాలు ఉండేవి. రంగం అంటే రంగూన్ అని, శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా తీరం వెంట పాత తరం నోట్లో ఆ ఊరి పేరు అలాగే పలికేదని చాలా ఆలస్యంగా తెలిసింది. "రంగం పోనాడు" అంటే బతకడానికి పోయాడని అర్థం. ఒక్కోసారి ఇక రాడని కూడా అర్థం.

పిహెచ్‌డి చేస్తున్న రోజుల్లో వలస మీద, స్త్రీ మీద ఒక సెమినార్ పత్రం రాశాను. రంగూన్ గురించి రాయాలంటే సాహిత్యం విద్యార్థికి మొదట గుర్తొచ్చేది శరత్ నవల. శరత్‌బాబు 1903 నుంచి 1916 దాకా రంగూన్‌లో గుమాస్తాగా బతికాడు. 'శ్రీకాంత్' రెండో భాగంలో ఆ ఊరు, ఓడ డెక్కు మీది జనం, ప్లేగు భయంతో పెట్టే క్వారంటైను అన్నీ కనిపిస్తాయి. అందులో అభయ తనని వదిలేసి వెళ్ళిన భర్తని వెతుక్కుంటూ సముద్రం దాటుతుంది. అతను బర్మా స్త్రీతో కాపురం పెట్టాడని తెలుసుకుంటుంది, అతని చేత దెబ్బలు తింటుంది. ఆ పెళ్ళి నుంచి బయటికొచ్చి తనని ప్రేమించిన మనిషితో బతకడానికి నిర్ణయించుకుంటుంది. నా పత్రం అభయ చుట్టూ తిరిగింది. వెళ్ళిన మగవాడు, ఎదురుచూసే ఆడది, ఆ ఎదురుచూపుని ధిక్కరించిన అభయ. ఈ చట్రం నాకు చాలా నచ్చింది. సెమినార్‌లో అందరికీ నచ్చింది.

సెలవులకి ఊరెళ్ళినప్పుడు ఆ సంగతి అమ్మమ్మకి చెప్పాను. వాళ్ళ నాన్న చాలా ఏళ్ళు రంగంలో పనిచేశాడు. ఆమె 1930 ప్రాంతంలో పుట్టింది. ఆయన నడిచి తిరిగొచ్చేనాటికి ఊహ తెలిసిన పిల్ల. నేను చెప్పిందంతా విని, "ఎదురుసూడ్డమేటే? మా యమ్మకి ఎదురుసూడ్డానికి తీరికెక్కడిది?" అంది. ఈ వ్యాసం ఆ మాట దగ్గర మొదలైంది. అది రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. ఈ లోపు అమ్మమ్మ వెళ్ళిపోయింది.

ముందు ఆ వలస ఎలాంటిదో చూడాలి. 1852 యుద్ధంతో దిగువ బర్మా బ్రిటిష్ వాళ్ళ చేతికి వచ్చింది. 1885లో మూడో యుద్ధం, ఆ మరుసటి జనవరిలో బర్మా మొత్తం సామ్రాజ్యంలో కలిసిపోవడం జరిగాయి. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక యూరప్ మార్కెట్లకి బియ్యం పంపడం తేలికైంది. ఐరావతి డెల్టాలో అడవులు కొట్టి, చిత్తడి నేలలు ఎండగట్టి వరి వేశారు. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో పది లక్షల ఎకరాలు కూడా లేని సాగు 1930ల నాటికి 80 లక్షల ఎకరాలు దాటింది. బర్మా ప్రపంచంలోకెల్లా ఎక్కువ బియ్యం ఎగుమతి చేసే దేశమైంది. ఆ వరి కొయ్యడానికి, రంగూన్ మిల్లుల్లో ఆడించడానికి, బస్తాలు మోసి ఓడలకి ఎక్కించడానికి మనుషులు కావలసొచ్చారు. మన తీరంలోనేమో కరువులు, జమీందారీ శిస్తులు, అప్పులు. ఈ రెండింటినీ కలిపినవి బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడలు. గోపాలపురం, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల్లో మనుషుల్ని ఎక్కించుకుని బంగాళాఖాతం దాటించేవి.

బర్మావాళ్ళు తెలుగు కూలీలని కొరింగీలు అనేవాళ్ళు. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు పేరది. 1839 తుపానులో సముద్రం ఆ ఊరిని ముంచేసింది. ఊరు పోయినా పేరు మాత్రం అవతలి ఒడ్డున తెలుగు కూలీకి అంటుకుని బతికింది. నిజానికి వాళ్ళలో చాలామంది కోరంగి మొహం కూడా చూసి ఉండరు. పరాయి ఊళ్ళో కూలివాడికి సొంత ఊరి పేరు చెప్పుకునే హక్కు కూడా ఉండదు మరి.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. 1937 ఏప్రిల్ 1న విడదీసేదాకా బర్మా భారతదేశంలో ఒక రాష్ట్రమే. కాబట్టి చట్టం దృష్టిలో రంగం వెళ్ళడం పరదేశం వెళ్ళడం కాదు. నేటాల్‌కో, మారిషస్‌కో, ఫిజీకో ఒప్పంద కూలీలుగా వెళ్ళినవాళ్ళని ఓడెక్కేముందు నమోదు చేసేవాళ్ళు. పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, ఒంటి మీది పుట్టుమచ్చ దాకా రాసుకునేవాళ్ళు. ప్రతి 100 మంది మగవాళ్ళకి 40 మంది ఆడవాళ్ళని తీసుకెళ్ళాలనే నియమం ఉండేది. అది ఆడవాళ్ళ మీద ప్రేమతో పెట్టిన నియమమేమీ కాదు. తోటల్లో మగవాళ్ళు కుదురుగా పడుండాలని పెట్టింది. అయినా ఆ నియమం వల్లే ఆ ఆడవాళ్ళ పేర్లు కాగితం మీద మిగిలాయి. రంగం వెళ్ళడానికి ఒప్పందం లేదు, నమోదు లేదు, నిష్పత్తి లేదు. ఓడ టిక్కెట్టు, మేస్త్రీ ఇచ్చిన బయానా, అంతే. స్వేచ్ఛగా వెళ్ళినట్టు కనిపించే ఈ వలసలో ఆడవాళ్ళు ఇంకా లోతుగా మాయమయ్యారు.

మేస్త్రీ ఊళ్ళోకి వచ్చేవాడు. తరచూ అదే ప్రాంతం మనిషి, ఒక్కోసారి చుట్టం. ఓడ ఛార్జీకి, గుడ్డలకి, ఇంట్లో వదిలెళ్ళడానికి కొంత డబ్బు ముందుగా ఇచ్చేవాడు. ఆ బయానా తీరేదాకా కూలీ అతని ముఠాలోనే ఉండాలి. రంగూన్ రేవులో కంపెనీ ఇచ్చే డబ్బు స్టీవెడోర్ కాంట్రాక్టరుకి, అతని నుంచి పెద్ద మేస్త్రీకి, అక్కడి నుంచి చిన్న మేస్త్రీకి దిగి, చివరికి కూలీ చేతికి వచ్చేది. ప్రతి మెట్టు దగ్గరా కొంత కారిపోయేది. తిండి, గది అద్దె లెక్కలు కూడా మేస్త్రీ దగ్గరే. విట్లీ అధ్యక్షతన వచ్చిన కార్మిక రాయల్ కమిషన్ 1931 నివేదికలోనూ, ఇ.జె.ఎల్. ఆండ్రూ అనే అధికారి రంగూన్ భారతీయ కూలీల మీద 1933లో ప్రచురించిన పుస్తకంలోనూ ఈ వ్యవస్థ వివరంగా ఉంటుంది. నేను వాటిని పదే పదే చదివాను. వాటిలో అంకెలకి కొదవ లేదు.

1931 జనాభా లెక్కల ప్రకారం బర్మాలో 10 లక్షలకి పైగా భారతీయులున్నారు. వాళ్ళలో 6 లక్షలకి పైగా బర్మా బయట పుట్టినవాళ్ళే. రంగూన్ జనాభా 4 లక్షలైతే అందులో సగానికి పైగా, అంటే 2 లక్షల 12 వేల మంది భారతీయులు. బర్మా రాజధానిలో బర్మావాళ్ళే అల్పసంఖ్యాకులు. రేవులో బరువులు దించేది, పొజుండాంగ్ కాలువ ఒడ్డు మిల్లుల్లో ధాన్యం మోసేది, రిక్షా లాగేది, పట్టణం మురుగు ఎత్తేది ఎక్కువగా తెలుగువాళ్ళే. మురుగు ఎత్తే పనికి మన దళితులనే తీసుకెళ్ళారు. ఓడ సముద్రాన్ని దాటించింది కానీ కులాన్ని దాటించలేదు.

రోజు ఎలా గడిచేది? దిగగానే రేవులో మశూచి టీకా. భారతీయ కూలీ అంటే రోగం మోసుకొచ్చేవాడనే అనుమానం దిగిన క్షణం నుంచే మొదలు. ఆ తర్వాత పట్టణం నడిబొడ్డునున్న కూలి బసలు. ఒక్కో అంతస్తులో ఎంతమంది పడుకోవచ్చో మునిసిపాలిటీ నియమాలు చెప్పేవి. ఎంతమంది పడుకునేవాళ్ళో మేస్త్రీ నిర్ణయించేవాడు. పగటి ముఠా పనిలోకి వెళ్ళగానే రాత్రి ముఠా అదే చాప మీద నడుం వాల్చేది. మే నుంచి అక్టోబరు దాకా వాన. మన జిల్లాల్లో కురిసేదానికి రెండింతలు పైగా, ఏడాదికి వంద అంగుళాల వాన. ఆరని గుడ్డలు, పాచి పట్టిన మెట్లు, పొయ్యి పొగ. నవంబరు, డిసెంబరుల్లో డెల్టాలో కోతలు, ఆ తర్వాత మిల్లుల కాలం, వానలు మొదలయ్యే ముందు డబ్బున్నవాడు ఊరెళ్ళడం, లేనివాడు ఉండిపోవడం.

ఈ మగవాళ్ళ గదుల్లో వంట ఎవరు చేశారు? ఈ ప్రశ్న ఏ నివేదికా అడగలేదు. ముఠాలో ఒకరికి అప్పజెప్పేవాళ్ళు, లేదా వంతులేసుకునేవాళ్ళు. ఊళ్ళో ఆడదాని పనిగా ఉన్నదంతా అక్కడ మగవాళ్ళు చేసుకున్నారు. వండారు, గిన్నెలు తోముకున్నారు, గుడ్డలుతుక్కున్నారు, జ్వరమొచ్చినవాడికి గంజి కాచి పోశారు. పొయ్యి దగ్గర మగవాడికి చేతులు కాలవని దీన్నిబట్టి తేలింది. మరి ఊరికొచ్చాక? అమ్మమ్మ నవ్వుతూ చెప్పేది, వాళ్ళ నాన్న ఎండుచేపల పులుసు గురించి గొప్పగా చెప్పుకునేవాడట. ఆ పులుసు ఇంట్లో ఎవరూ రుచి చూడలేదు. రంగంలో పొయ్యి ముట్టిన చెయ్యి ఊళ్ళో చెంబెడు నీళ్ళు కూడా ముంచుకోలేదు. పని మనిషిని మారుస్తుందంటారు. పని ఒక్కటే మార్చదనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

రంగూన్‌లో తెలుగు ఆడవాళ్ళు లేరా అంటే ఉన్నారు. మగవాళ్ళతో పోలిస్తే చాలా తక్కువ. భర్తతో వెళ్ళినవాళ్ళు, అన్నదమ్ముల వెనక వెళ్ళిన వితంతువులు, ఊళ్ళో బతకనివ్వక వెళ్ళిపోయినవాళ్ళు. కట్టుబడి పనుల్లో ఇటుకలు మోశారు, మిల్లుల దగ్గర నూకలు చెరిగారు, బసల్లో మగవాళ్ళకి డబ్బు తీసుకుని వండిపెట్టారు. కానీ అధికార పత్రాల్లో వాళ్ళు రెండు రూపాల్లోనే కనిపిస్తారు. ఒకటి, కూలీ మీద ఆధారపడినవాళ్ళు. రెండు, నైతిక సమస్య. ఆడవాళ్ళు తక్కువ కాబట్టి వ్యభిచారం ఎక్కువైందని, సుఖవ్యాధులు పెరిగాయని పేజీలకి పేజీలు రాశారు. నైతిక సమస్య అంటూ వేలు చూపించింది ఆడవాళ్ళ వైపు. మగవాళ్ళని మందలుగా తీసుకొచ్చి కుటుంబంతో బతకడానికి చోటూ కూలీ ఇవ్వని కంపెనీల లాభం మాత్రం నైతిక సమస్య కాలేదు.

ఇక ఆ పట్టణంలో ఉన్న మరో స్త్రీ గురించి మాట్లాడాలి. మన వలస చరిత్రలో మనం ఎప్పుడూ పక్క చూపుతో దాటిపోయే స్త్రీ. కూలీలు, గుమాస్తాలు, వర్తకులు చాలామంది బర్మా స్త్రీలతో కాపురాలు పెట్టారు. బర్మా బౌద్ధ ఆచారంలో స్త్రీకి ఆస్తిలో భాగం, విడాకుల హక్కు ఉండేవి. బజార్లలో వ్యాపారం చేసేది ఎక్కువగా ఆడవాళ్ళే. హిందువుతో కాపురం పెట్టిన బర్మా స్త్రీకి మాత్రం ఆ కాపురం చట్టం ముందు పెళ్ళే కాదు. హిందూ ధర్మం ఆమెని భార్యగా గుర్తించదు. అతను ఓడెక్కి వెళ్ళిపోతే అడిగే దిక్కు లేదు. శరత్ నవలలోనే ఒక దృశ్యం ఉంది. నన్ను అభయ కంటే ఇప్పుడు అదే ఎక్కువ వెంటాడుతోంది. రంగూన్ రేవులో ఒక యువకుడు బర్మా భార్యని వదిలేసి వెళ్ళిపోతూ, మళ్ళీ వస్తానని నమ్మబలుకుతాడు. ఆమె ఏడుస్తుంటే ఆమెకి తెలియని తన భాషలో వెక్కిరిస్తాడు. చివరికి ఆమె వేలి ఉంగరం కూడా తీసుకుంటాడు. నా సెమినార్ పత్రంలో ఆ దృశ్యానికి ఒక్క వాక్యం కూడా ఇవ్వలేదు. అభయ మన స్త్రీ, చదువుకున్న కులాల స్త్రీ. ఆమె ధిక్కారంలో నన్ను నేను చూసుకున్నాను. రేవులో ఏడ్చే ఆమె నేపథ్యంగా మిగిలిపోయింది.

ఆ స్త్రీ గురించి బర్మా జాతీయవాదులు మాట్లాడారు. కానీ ఆమె తరఫున ఎంత మాట్లాడారు, ఆమె మీద ఎంత మాట్లాడారు అన్నది వేరే లెక్క. 1930లలో పత్రికలు, బౌద్ధ సంఘాలు పరాయివాడిని కట్టుకున్న బర్మా ఆడదాన్ని జాతికి ద్రోహం చేసినదానిగా చిత్రించాయి. 1938 అల్లర్ల నాటికి మిశ్రమ వివాహాల ప్రశ్న వీధుల్లోకి వచ్చింది. 1939లో బర్మా బౌద్ధ స్త్రీల ప్రత్యేక వివాహ, వారసత్వ చట్టం చేశారు. అన్యమతస్థుడితో కాపురం చేసే బౌద్ధ స్త్రీకి బౌద్ధ ఆచార ప్రకారం హక్కులుంటాయని ఆ చట్టం చెప్పింది. వదిలేసి వెళ్ళేవాళ్ళని నిలదీసే ఆధారం దొరికింది, అది నిజం. ఆమె ఎవరితో బతకాలన్నది జాతి వ్యవహారమని కూడా అదే చట్టం, దాని వెనక నడిచిన ప్రచారం తేల్చేశాయి. చియే ఇకేయా 2011లో వచ్చిన తన పుస్తకంలో వలస బర్మాలో స్త్రీ రూపాల గురించి రాస్తూ ఈ మెలికని విప్పి చూపిస్తుంది. 1941లో వలసల మీద భారత, బర్మా ప్రభుత్వాల మధ్య జరిగిన ఒప్పందంలో కూడా బర్మా స్త్రీని పెళ్ళాడడం, ఆమెతో కాపురం చేయడం మీద షరతులు పెట్టే వీలు చేర్చారు. మన నాయకులకి అది జాతి గౌరవ సమస్య. వాళ్ళకీ అంతే. ఇద్దరి గౌరవమూ ఒకే స్త్రీ పడకగది గుమ్మం దగ్గర కాపలా కాసింది.

జాతి పేరు మీద జరిగిన దెబ్బలాటల్లో మొదటిది మన కూలీల మీదే పడింది. 1930 మే నెలలో రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. సమ్మె విరగ్గొట్టడానికి కాంట్రాక్టర్లు బర్మా కూలీలని తెచ్చారు. రాజీ కుదిరింది. 26వ తేదీన తెలుగు కూలీలు పనిలోకి వచ్చారు, బర్మా కూలీలని పొమ్మన్నారు. ఆ నెల మొదట్లోనే పెగూ భూకంపం వందల ప్రాణాలు తీసింది. ధరలు పడిపోతున్నాయి, పనులు లేవు. రేవులో మాటా మాటా పెరిగి కొట్లాటైంది. అది పట్టణమంతా పాకింది. అధికార లెక్క ప్రకారమే వందమందికి పైగా చనిపోయారు, వందల మంది గాయపడ్డారు. చచ్చినవాళ్ళలో అత్యధికులు తెలుగువాళ్ళు. వేలమంది దొరికిన ఓడెక్కి తిరిగొచ్చేశారు. ఈ అల్లర్ల మీద పుస్తకాలున్నాయి, సాక్ష్యాలున్నాయి. ఒక పేదవాడి కడుపు మీద ఇంకో పేదవాడి చేత కొట్టించిన కాంట్రాక్టర్ల పేర్లు మాత్రం ఎవరి నోటా రాలేదు.

ఇప్పుడు ఇటు ఒడ్డుకి రావాలి. ఎందుకంటే రంగం కూలీ జీవితంలో సగం ఇక్కడే జరిగింది. అమ్మమ్మ చెప్పిన ప్రకారం వాళ్ళకి రెండెకరాల మెట్ట, ఒక గేదె ఉండేవి. తండ్రి వెళ్ళేటప్పుడు మేస్త్రీ ఇచ్చిన బయానాలో కొంత ఇంట్లో పెట్టాడు. అది షావుకారు పాత బాకీకి సరిపోయింది. ఆ తర్వాత మనియార్డరు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. తాతమ్మ చోడి, గంటి వేసింది. దున్నడానికి మగవాడు కావాలి కాబట్టి ఒక మనిషి అరక దున్నితే బదులుగా వాళ్ళ పొలంలో నాలుగు రోజులు కలుపు తీసింది. గేదె పాలు అమ్మింది. ముగ్గురు పిల్లల్ని కన్నది, ఒకరిని పోగొట్టుకుంది. మామకి మందు తాగించింది. శిస్తు కట్టి రసీదు దాచింది. రంగం పెట్టెలో రసీదులెందుకున్నాయో నాకప్పుడర్థమైంది. ఆ పెట్టె రంగం నుంచి వచ్చింది కానీ అందులోని కాగితాలు ఆమె సంపాదన.

లెక్క ఇలా చూస్తే వేరుగా కనిపిస్తుంది. రంగూన్‌లో కూలీ అంత చవగ్గా ఎలా దొరికాడు? అతని పిల్లల్ని పెంచే ఖర్చు, ముసలివాళ్ళని చూసే ఖర్చు, జబ్బుపడి తిరిగొచ్చినప్పుడు అతన్నే మోసే ఖర్చు కంపెనీ మీద పడలేదు. అదంతా విశాఖ, గంజాం, గోదావరి ఊళ్ళలో ఆడవాళ్ళ ఒళ్ళు భరించింది. పంట కాలం అయిపోగానే కూలీని ఓడెక్కించి పంపేయడం కంపెనీకి ఎందుకు సాధ్యమైందంటే, ఇక్కడ ఒక ఇల్లు ఆరకుండా ఉంది కనక. ప్రపంచ మార్కెట్‌కి వెళ్ళిన ప్రతి బియ్యం బస్తాలోనూ ఈ ఒడ్డున కలుపు తీసిన చేతుల పని కూడా ఉంది. ఆమె ఎదురుచూసింది అని రాయడం సులువు. ఆమె ఆ సామ్రాజ్యానికి జీతం లేని కూలీ అని రాయడానికి మనకి ఒక తరం పట్టింది. 'మనకు తెలియని మన చరిత్ర' 1986లో వచ్చినప్పుడు, 'నల్లపొద్దు' 2003లో వచ్చినప్పుడు మనం నేర్చుకున్నది అదే కదా. ఎవరి నోటి నుంచి వింటామన్నదాన్ని బట్టి చరిత్ర మారుతుంది. నేర్చుకున్నదాన్ని సొంత ఇంటికి తెచ్చుకోవడమే ఆలస్యం.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. రెండు రోజుల తర్వాత మళ్ళీ వేశాయి. రేవులో ఆరుబయట పనిచేసేవాళ్ళు పెద్ద సంఖ్యలో చనిపోయారు. బతికినవాళ్ళు ప్రోమ్ దారి పట్టారు. కూలీలు పోతే రేవు ఆగిపోతుందని ప్రభుత్వం వాళ్ళని వెనక్కి రప్పించడానికి ప్రయత్నించింది. 1942 మార్చి 8న జపాన్ సైన్యం రంగూన్‌లోకి వచ్చింది. నాలుగైదు లక్షల మంది భారతీయులు కొండలు, అడవులు దాటి అరకాన్ మీదుగా చిట్టగాంగ్‌కి, తాము మీదుగా మణిపూర్‌కి నడిచారు. కలరా, ఆకలి, మలేరియాతో వేలకి వేలమంది దారిలోనే పోయారు. తెల్లవాళ్ళకొక దారి, నల్లవాళ్ళకొక దారి పెట్టారని అప్పట్లో దేశమంతా గొడవైంది. బతికి తీరం చేరినవాళ్ళకి ఇక్కడా బాంబులే ఎదురయ్యాయి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద కూడా జపాన్ విమానాలు దాడి చేశాయి.

అమ్మమ్మ వాళ్ళ నాన్న ఆ వేసవిలో ఇల్లు చేరాడు. పెట్టె అంతకుముందెప్పుడో ఓడలో వచ్చింది. ఈసారి అతని చేతిలో ఏమీ లేదు. కాళ్ళు పుండ్లు పడి ఉన్నాయి. ఊరంతా చూడ్డానికి వచ్చింది. తాతమ్మ గంజి పోసింది, కాళ్ళకి పసుపు, వేపాకు నూరి కట్టింది. అందరూ వెళ్ళాక అడిగిందట. "ఆ పిల్లనెక్కడ ఒగ్గీసొచ్చినావు?"

రంగంలో అతనికి ఒక బర్మా అమ్మాయి ఉందని ఆమెకి ముందే తెలుసు. ఊరి నుంచి వెళ్ళొచ్చే మగవాళ్ళ నోట వింది. దానిమీద ఆమె ఏడ్చిందో, తిట్టుకుందో అమ్మమ్మకి తెలియదు. కానీ అతను బతికొచ్చిన రాత్రి ఆమె అడిగిన మొదటి ప్రశ్న అది. అతను జవాబివ్వలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళ వరకూ, యుద్ధం మాటొస్తే చాలు, తాతమ్మ అనేదట, "దానికి బియ్యం ఎవులు పోసినారో."

నేను ఈ కథ విన్నప్పుడు మొదట దీన్ని సోదరీత్వం అని పిలవాలనిపించింది. తొందరపడుతున్నానని అనిపించి ఆగాను. తాతమ్మ ఆమెని క్షమించి ఉండకపోవచ్చు. ఆమె చెల్లెలనీ అనలేదు, సవతి అనీ అనలేదు, "ఆ పిల్ల" అంది. తాతమ్మకి తెలిసింది ఒక్కటే. వదిలేసి వెళ్ళినవాడి తర్వాత ఇల్లు ఎలా నడుస్తుందో ఆమెకి తెలుసు. బియ్యం ఎవరో ఒకరు పొయ్యాలి. ఆ ప్రశ్న నా పుస్తకాల్లో లేని చోటు నుంచి వచ్చింది. కమిషన్లు నిష్పత్తిని అడిగాయి, జాతీయవాదులు రక్తశుద్ధిని అడిగారు, సాహిత్యం చదువుకున్న నేను ధిక్కారాన్ని వెతికాను. ఇంకో దేశంలో, ఇంకో భాషలో ఉన్న స్త్రీ ఆ పూట ఏం తిన్నదని అడిగింది మాత్రం చదువు రాని రైతుకూలీ.

యుద్ధం తర్వాత కొందరు తిరిగి రంగం వెళ్ళారు. 1948లో బర్మాకి స్వాతంత్ర్యం వచ్చింది. 1962లో సైన్యం అధికారం తీసుకుంది. 1964 నాటికి దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశారు. పెద్ద నోట్లు రద్దు చేశారు. మళ్ళీ ఓడలు నిండాయి. ఒంటిమీది బంగారం కూడా రేవులో ఒలిపించుకున్నారని ఆ ఓడల్లో వచ్చిన ఆడవాళ్ళు చెబుతారు. విశాఖపట్నంలో బర్మా క్యాంప్ అనే పేట పేరు ఆ రోజుల గుర్తు. వాళ్ళలో బర్మా తల్లులూ ఉన్నారు. భర్తతో వచ్చి, ఇక్కడ పరాయివాళ్ళయ్యారు. ఒకప్పుడు అక్కడ కొరింగీ అన్న మాటలో ఉన్న చులకనే ఇక్కడ బర్మావాళ్ళు అన్న మాటలోకి వచ్చింది. రానివాళ్ళూ ఉన్నారు. మయన్మార్‌లో ఈనాటికీ తెలుగు కుటుంబాలున్నాయి.

ఇప్పుడు ఓడలు లేవు, విమానాలున్నాయి. అవే జిల్లాల నుంచి, కోనసీమ నుంచి, కడప నుంచి గల్ఫ్ దేశాలకి ఇళ్ళల్లో పనికి వెళుతున్నది ఆడవాళ్ళే. ఊళ్ళో వాళ్ళ పిల్లల్ని ఎవరు చూస్తున్నారంటే మళ్ళీ అమ్మమ్మలూ నాయనమ్మలే. డబ్బు పంపే చెయ్యి మారింది. ఇల్లు ఆరకుండా చూసే చెయ్యి మారలేదు.

తీరం జిల్లాల్లో పుట్టిన మిత్రులకి ఒక మాట. మీ ఇళ్ళల్లో కూడా రంగం వెళ్ళినవాళ్ళ కథలుంటాయి. వాటిని మగవాళ్ళ సాహసాలుగానే చెబుతారు. పెద్దవాళ్ళెవరైనా ఉంటే కూర్చుని ఇంకోలా అడగండి. ఆయన ఏం తెచ్చాడని కాదు, ఆయన లేని ఏడాది పొలం ఎవరు దున్నించారని అడగండి. శిస్తు ఎవరు కట్టారని అడగండి. అక్కడ ఆయనకి ఎవరైనా ఉండేవాళ్ళా అని కూడా అడగండి. జవాబు చెప్పేముందు వాళ్ళు గోడ వైపు తిరిగితే, కాసేపు ఆగండి. త్వరపడి అడిగితే ఆ తలుపు మూసుకుపోతుంది. నేను అమ్మమ్మని ఆ కథ రెండోసారి చెప్పమని అడిగేలోపే ఆలస్యమైపోయింది.